పావుగంట ముందున్న గడియారం

శ్యాంసుందరన్నకు,

మోకాళ్ల నొప్పి జర తగ్గిందని తలుస్తాను. మీరు బిల్లింగ్ పని మానేసి ఇంటిపట్టున ఉన్నాక మన బట్టల కొట్లో మీ కుర్చీలో నిఖిల్ కూర్చుంటున్నాడు.

బిల్లు మీది టైముకూ, డబ్బులు పడ్డట్టు ఫోన్‌కు వచ్చే మెసేజ్ టైముకూ పొంతన లేదని అతను పట్టుకున్నాడు. కంప్యూటర్ నెట్‌కు కనెక్ట్ అయినప్పుడల్లా ఆ టైము వైఫై పెట్టెలో నమోదవుతుందట. ఆ లాగ్ తీసి పోల్చి, మన కంప్యూటర్ గడియారం పావుగంట ముందుందని తేల్చాడు, సరిచేశాడు. ఇన్నేళ్లూ చూసుకోలేదేమని మీ వెనక నేనో మాట తూలాను.

వారం తిరక్కుండానే చీరల దగ్గరుండే యమున ఏడ్చింది. "తొర్రూరు ఆఖరి బస్సు రోజూ ఎల్లిపోతాంది సేటూ. శ్యాంసుందర్ సారున్నప్పుడు ఎన్నడూ తప్పలే" అంది.

కంప్యూటర్లో ఎనిమిదైతే తప్ప ఆడపిల్లల్ని గడప దాటనివ్వని మనిషిని నేను. మీరు ఆ గడియారాన్ని ఎందుకు ముందుకు జరిపారో అప్పుడు తెలిసింది.

మళ్లీ జరపమంటారా అని నిఖిల్ అడిగాడు. వద్దన్నాను. వాళ్లను పావుగంట ముందే పంపిస్తున్నాను. యమున ఇంకా నమ్మడం లేదు, గేటు దగ్గర వెనక్కి తిరిగి చూస్తుంది.

వీలైతే ఒకసారి కొట్టుకు రండి.

పైన ఒక వరుస కొట్టేసి ఉంటుంది. 'నన్ను అడిగితే నేనే వాళ్లను ముందు పంపేవాణ్ణి కదన్నా' అని రాశాను. పంపేవాణ్ణి కానని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మీ సేటు