రిబ్బను కత్తిరించకుండా నీళ్ళు పోసిన నేరం

మండల తహశీల్దారు మరియు కార్యనిర్వాహక మేజిస్ట్రేటు వారి సముఖమునకు,

పల్నాడు జిల్లా, నల్లరాయిపాడు గ్రామ కాపురస్థురాలు, సిమెంటు లారీ డ్రైవరు బత్తుల రోశయ్య కుమార్తె శిరీష, బి.కాం., వ్రాసుకొనుచున్న అర్జీ.

అయ్యా,

విషయం: మండలంలోని యువత స్వచ్ఛంద సేవకు ముందుకు రాకపోవుటకు గల కారణములు తెలియజేయుట, మరియు నా తమ్ముడు గోపిపై గత వేసవిలో పెట్టిన బైండోవరు నుండి అతని పేరు తొలగించి, చేతికందిన కానిస్టేబులు ఉద్యోగం పోకుండా కాపాడమని కోరుట గురించి.

గత సోమవారం తమరు మీటింగు హాలులో ‘వేసవి సేవకు యువత’ అను సభ జరిపియున్నారు. కుర్చీలు నిండుగా వేయించారు. వచ్చిన వారిలో యువత అనదగినది నేనొక్కదాన్నే. మిగిలిన వారు తమ సిబ్బంది. ఫొటోలో ఖాళీ కనబడకుండా ముందు వరుసలో కూర్చోబెట్టబడినవారు. తమరు ఆ కుర్చీల వంక చూచి, “ఈ కాలం పిల్లలకు సేవాభావం లేదు. ఫోనులో దూర్చిన తల ఎత్తరు. కారణాలేమిటో ఎవరైనా రాసిస్తే పైకి పంపుతాను” అని సెలవిచ్చారు. ఎవరూ రాయరనే ధైర్యంతో అన్నారని నాకు తెలుసు. అయినా అడిగారు కనుక రాయుచున్నాను.

1. ముందుకు రాకపోవడానికి కారణాలు చెప్పేముందు, ఒకసారి ముందుకు ఎందుకు వచ్చామో మనవి చేయవలసియున్నది. మా ఊరి అడ్డరోడ్డు తమరు కారు అద్దాల్లోంచి చూసే ఉంటారు. దాచేపల్లి వైపు ఫ్యాక్టరీలకు పోయేవాళ్ళూ, సున్నపురాయి క్వారీల్లో పనిచేసే ఆడవాళ్ళూ అక్కడే బస్సు కోసం నిలబడతారు. నీడ లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు గదా, అక్కడ నిలబడ్డవాళ్ళ నెత్తిన కూడా అదే ఎండ. నిరుడు ఒకరోజు రాములమ్మ అనే క్వారీ కూలి అక్కడ కళ్ళు తిరిగి కూలబడింది. కానిస్టేబులు సెలక్షన్ల కోసం పరుగు ప్రాక్టీసు చేసి వస్తున్న గోపి తన సీసాలో నీళ్ళు ఆమె మొహాన చల్లి, మిగిలినవి తాగించాడు. ఆమె తేరుకుని, “నీ కడుపు సల్లగుండ నాయనా” అంది.

అంతేనండీ. మాకు ప్రభుత్వ సర్క్యులరు ఏదీ అందలేదు. ఆ ఒక్క మాట విని వచ్చినవాడు అన్నానికి కూర్చోకుండా అటక మీద కుండలు దించి, “అక్కా, మనం చలివేంద్రం పెడదాం” అన్నాడు. నేనూ, గోపీ, ఊరి మోతుబరి నాగభూషణరావు గారబ్బాయి తేజ, నాతో డిగ్రీ చదివిన ఆసియా, నలుగురం పూనుకున్నాం. యువతను ప్రోత్సహించుటకు ఏమి చేయవలెనని పైవారు అడిగితే, రాములమ్మను పంపమని వ్రాయగలరు.

వాలంటీర్లం అని చెప్పుకున్న పాపానికి ఇద్దరు సర్టిఫికెట్లు పట్టుకుని మా ఇంటికొచ్చి, ప్రభుత్వ వాలంటీరు పోస్టులు మళ్ళీ పడ్డాయా, జీతమెంత అని అడిగారు. జీతం లేదంటే, “మరి మీకేంది లాభం” అన్నారు. అది వారి తప్పు కాదు కనుక కారణాల్లో చేర్చడం లేదు.

2. మా మొదటి నేరం ఇక్కడ ఒప్పుకొనుచున్నాను. మేము రిబ్బను కత్తిరించకుండా నీళ్ళు పోశాము. మన ప్రాంతంలో చలివేంద్రానికి కుండలు లేకపోయినా ఫరవాలేదు గానీ ప్రారంభోత్సవం లేకపోతే కుదరదు. ఎవరో ఒక నాయకుడు రావాలి, కత్తెర పళ్ళెంలో పెట్టి ఇవ్వాలి, మొదటి గ్లాసు ఆయన తాగి ఫొటో దిగాలి. ఆ తర్వాత ఆ కుండల్లో నీళ్ళు ఉన్నా లేకున్నా అడిగేవాడు లేడు. మాకది తట్టలేదు. పొద్దున్నే కుండలు నింపాం, రాములమ్మ వచ్చి తాగింది, అక్కడితో ప్రారంభమైపోయింది.

సాయంత్రానికల్లా ఊళ్ళో రెండు పక్షాలవారూ ఒకే ప్రశ్న అడిగారు. ఎవరి తాలూకు చలివేంద్రం ఇది? ఎవరి తాలూకూ కాదంటే ఇరువురికీ కోపం వచ్చింది. ఒక పక్షం మనిషి నన్ను పక్కకు పిలిచి, “అమ్మాయ్, మాకు చెప్పలేదంటే అవతలోళ్ళకు చెప్పినట్టే గదా” అన్నాడు. అవతల పక్షం మనిషి వచ్చి అదే మాట అన్నాడు. ఊరంతటికీ కలిపి వాళ్ళకు కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

3. షామియానా విషయం. పెళ్ళి సామాను అద్దెకిచ్చే అలీ సాహెబ్ గారు ఆసియా తండ్రి. అవి ముహూర్తాల రోజులు, ఆయన దగ్గర మిగిలింది ఒక్క గుడ్డ. పుణ్యానికే తీసుకుపొమ్మన్నారు. కట్టాక తెలిసింది, అది ఒక పక్షం జెండా రంగు. ఆ రంగు పేరు ఇక్కడ వ్రాయను. వ్రాస్తే అర్జీకి కూడా అంటుకుంటుంది. రెండో పక్షం వారు గొడవ చేస్తే గుడ్డ విప్పి తాటాకులు కప్పాము. తాటాకుకు రంగేముంటుంది అనుకున్నాము. “ఎవరి పొలంలో కొట్టార్రా ఈ ఆకులు?” అని అడిగారు. నాగభూషణరావు గారి గట్టు మీదివి. ఆయన ఏ పక్షమో తమరికి తెలుసు. చివరకు రెండు రోజులు ఏ నీడా లేకుండా ఎండలోనే నీళ్ళు పోశాము. ఆ రెండు రోజులూ మా మీద ఏ ఫిర్యాదూ రాలేదని మనవి.

4. ఆ మర్నాడు ఒక పక్షం వారు ఫ్లెక్సీ తెచ్చి మా కుండల ముందు కట్టారు. ‘దాహార్తి తీర్చిన మహనీయునికి వందనం’ అని రాసి ఉంది. ఆ మహనీయుడు ఒక్క బిందె మోసిన దాఖలా లేదు. మధ్యాహ్నానికి రెండో పక్షం వారు దాన్ని చించి తమది కట్టారు. ఆపైన మోటారు సైకిళ్ళు వచ్చాయి, కర్రలు వచ్చాయి. దెబ్బలు పెద్దగా ఎవరికీ తగల్లేదు గానీ కుండలన్నీ పగిలాయి. పోలీసు జీపు చప్పుడు వినగానే కర్రలవాళ్ళు బండ్లెక్కి పోయారు. మేము పోలేదు. పెంకులు బస్సెక్కే వాళ్ళ కాళ్ళకు గుచ్చుకుంటాయని ఏరుతూ కూర్చున్నాము. ఘటనా స్థలంలో పోలీసు వారికి దొరికిన వ్యక్తులం మేమే అయ్యాము.

పెంకులు ఏరకుండా పారిపోయి ఉంటే ఈ అర్జీ రాసే అవసరం ఉండేది కాదు. యువతకు దీని వలన అందిన పాఠం ఏమిటో తమరే పైకి వ్రాయగలరు.

5. మర్నాడు మమ్మల్ని తమ ముందర హాజరుపరిచారు. తమరికి గుర్తుండకపోవచ్చు. చేతిలో కాగితం మీంచి తల ఎత్తకుండా, “ఎవరి తాలూకమ్మా మీరంతా?” అని అడిగారు. ఫోనులో తల దూర్చిన వాళ్ళం కాదు గనుక మేము తమ మొహం చూచే సమాధానం చెప్పాము: ఎవరి తాలూకూ కాదండీ అని. తమరు నవ్వి, “అట్లా ఎవరుంటారమ్మా ఈ మండలంలో” అన్నారు. ఏడాదిపాటు మంచి ప్రవర్తనతో మెలగగలమని బైండోవరు పూచీకత్తు రాయించుకున్నారు. మంచి ప్రవర్తన అంటే ఏమిటో ఒక్క ముక్క చెప్పమని గోపి అడిగాడు. నీళ్ళు పోయకుండా ఉండటమా సార్, లేక అడిగి పోయటమా? “ఎదురు మాట్లాడుతున్నాడు, ఇదే వీళ్ళ ప్రవర్తన” అని తమ గుమాస్తా అన్నారు. తమరు సంతకం చేశారు.

ఆ సాయంత్రానికి కాగితంలో తేజ పేరు లేదు. నాగభూషణరావు గారు ఒక ఫోను చేశారు. నాకు తేజ మీద కోపం లేదు. మా వాకిట్లోకి వచ్చి తలవంచుకు నిలబడి, “అక్కా, నా పేరు కూడా ఉంచమన్నా, మా నాన్న ఇన్లా” అన్నాడు. వాడిని నరసరావుపేటలో మేనత్త ఇంటికి పంపించేశారు. కానీ అయ్యా, ఒక్క ఫోనుతో తీయగల పేరును ఏడాదిగా అర్జీలతో తీయలేకపోవడం ఏ రూలు ప్రకారమో తెలియగోరుచున్నాను.

6. అలీ సాహెబ్ గారి షామియానాను ఆ పక్షం వారి పెళ్ళిళ్ళకూ పిలవడం లేదు, ఈ పక్షం వారి పెళ్ళిళ్ళకూ పిలవడం లేదు. ఆసియాను ఇల్లు కదలనివ్వడం లేదు. మొన్న బస్సులో కనబడితే మాట కలిపాను. “మంచికి పోతే చెడ్డ ఎదురైంది గదే” అని కిటికీ వైపు తిరిగింది.

7. ఇది అసలు విషయము.

గోపి పరీక్ష రాశాడు. పరుగులో నెగ్గాడు. సెలక్షను లిస్టులో పేరు వచ్చిన రోజు మా నాన్న లారీ దాచేపల్లిలో ఆపి, ఇంటిదాకా నవ్వుకుంటూ నడిచొచ్చాడు. ఆయన నవ్వడం నేను ఎక్కువసార్లు చూడలేదు. ఇప్పుడు పోలీసు వారు ఫారం పట్టుకుని నడవడిక విచారణకు వచ్చారు. అందులో మీపై ఏదైనా కేసు గానీ బైండోవరు గానీ ఉన్నదా అనే గడి ఉంది. లేదని రాస్తే అబద్ధం, ఉందని రాస్తే ఉద్యోగం పోతుంది. గోపి ఉందనే రాశాడు. ఎందుకురా అంటే, “పోలీసోణ్ణి గాబోతా మొదటి కాయితంలోనే అబద్ధం రాయమంటావా అక్కా” అన్నాడు. ఇలాంటివాణ్ణి ఉద్యోగానికి పనికిరాడని పంపడానికి కాగితం సిద్ధంగా ఉందట. ఈ నెలాఖరులోగా తమ నుండి జవాబు పోకపోతే ఖాళీ వేరొకరికి ఇస్తారట.

మా అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. అన్నం కంచం ముందర పెట్టి వెళ్ళిపోతుంది. ఒక్కసారి మాత్రం వంటింట్లోంచి, నాకు వినబడేట్టు, “ఊళ్ళో వాళ్ళ దప్పికలు నీకెందుకే, ఎవరడిగారు నిన్ను” అంది. ఎవరూ అడగలేదు. అడగకుండా చేయడాన్నే స్వచ్ఛందం అంటారని తమ సభలో బ్యానరు మీద రాసి ఉంది. మా అమ్మకు చదువు రాదు.

ఈ ఏడాది ఊళ్ళో పిల్లల్ని నేనే అడిగాను సార్. తమ సభకు రమ్మని ఇల్లిల్లూ తిరిగాను. “గోపన్నకేం జరిగిందో చూశాం గదక్కా” అన్నారు. తమరు వెదుకుతున్న కారణం అదే. సర్వేలు చేయించనవసరం లేదు.

కావున ప్రార్థించునది ఏమనగా, గోపి పేరు పొరపాటున చేర్చబడినదని ఒక్క వాక్యం వ్రాసి పోలీసు వారికి పంపవలెను. నా పేరు ఉంచుకోండి. నాకు ఉద్యోగం ఏదీ రాలేదు, రేపు వచ్చినా చూసుకుంటాను. కావలసివస్తే చలివేంద్రం ఆలోచన నాదేనని, తమ్ముడు అక్క మాట విని చెడిపోయాడని రాసుకోండి, నేను సంతకం పెడతాను. వాడిని మాత్రం వదిలేయండి. వాడు చేసింది ఒక మనిషికి మంచినీళ్ళు ఇవ్వడం. ఇంకా ఎన్నిసార్లు రాయమంటారు?

పై వాక్యము కొట్టివేయవలసినది. నిబ్బరం తప్పినందుకు క్షమించగలరు.

ఈ విన్నపమును, ఎవరి తాలూకో విచారించకుండా, చిత్తగించవలెను.

తమ విధేయురాలు
(మరియు తమ వద్ద మంచి ప్రవర్తనకు పూచీ వ్రాసియున్న మనిషి),
బత్తుల శిరీష

తా.క.: ఇది ఇవ్వడానికి పొద్దుటి నుంచి తమ కార్యాలయం వరండాలో కూర్చున్నాను. తమరు క్యాంపులో ఉన్నారన్నారు. వరండాలో కుండ ఉంది గానీ నీళ్ళు లేవు. నా పక్కన వెల్దుర్తి వైపు నుంచి పింఛను పనిమీద వచ్చిన ఒక ముసలామె నాలుక తడుపుకుంటూ కూర్చుంది. నా సంచిలో సీసా ఉంది. అయ్యా, సిగ్గు విడిచి చెబుతున్నాను, తీయబోయి ఆగాను. ఎవరైనా చూస్తున్నారేమో, ఫోను పట్టుకున్నారేమో అని చుట్టూ చూశాను. నిరుడు ఇట్లా చూడలేదు.

తర్వాత ఇచ్చాను. ఆమె సీసా అందుకుంది, మూత తీసింది, తాగలేదు. నా మొహంలోకి చూసి, “ఎవరి తాలూకమ్మా నువ్వు?” అంది.

పెదాలు ఎండి చీలి ఉన్నాయి. అయినా జవాబు కోసం ఆగింది.

“మీ తాలూకే అవ్వా” అన్నాను. అప్పుడు తాగింది.

ఆమె ఏ పక్షమో నాకు తెలియదు.