తలుపు దగ్గరగా వేశానంతే

అమ్మడూ,

టీ ఫ్లాస్కులో ఉంది. నొప్పి బిళ్ళ ఏదైనా తిన్నాకే వేసుకో. కట్టు వేసిన కాలు దిండు మీదనుంచి దించకు. బ్యాంకు పని చూసుకుని మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను.

బయట తాళం వేయలేదు. నువ్వు లేచి గడియ తీయక్కర్లేదని ఇన్నాళ్లూ తాళం వేసి వెళ్లాను. ఆ చప్పుడు వింటే నీకు ఆ రోజులా విరిగిన కాలితో మళ్లీ లిఫ్టులో ఇరుక్కుపోయినట్టే ఉంటుందని నాకు తోచలేదు. నిన్న కళ్లజోడు మరిచిపోయి వెనక్కి వచ్చేసరికి, భయం తగ్గడానికి ఆసుపత్రిలో నర్సమ్మ నేర్పినట్టు కనుబొమ్మ మీదా, మెడ ఎముక దగ్గరా వేళ్లతో తట్టుకుంటున్నావు. నన్ను చూసి చెయ్యి దించేసి, "ఏం లేదు నాన్నా, దురద" అన్నావు. నా దగ్గర సిగ్గెందుకే?

ఈ పూట ఇల్లంతా నీదే. తట్టుకుంటూ "భయంగా ఉంది" అని పైకే అనమంది కదా ఆవిడ, అను. గోడలకు చెవులుంటే ఉండనీ, పక్కింటి మామ్మగారికి మాత్రం వినపడదు.

నాన్న

ఇంకో మాట. మొన్న వంటింట్లో నేనూ అలా తట్టుకుని చూశాను. మీ అమ్మ పోయాక తన పేరు పైకి అనడం అదే మొదలు. బాధ పోలేదు గాని, పాలు పొంగేలోపు కాస్త ఊపిరాడింది.