నీళ్లలోంచి లేపే నడుము

చెల్లీ సామ్రాజ్యం,

ప్రభువు నామంలో నీకూ నీ ఇంటాయన పెంచల్ బావకూ దీవెనలు.

బావకు బాప్తిస్మం నా చేత్తోనే కావాలని మీరు అడిగినప్పుడల్లా నడుంనొప్పని తప్పించుకున్నాను. అంత మనిషిని నీళ్లలోంచి లేపితే, చెదలు తిన్న వాసంలా నా నడుము విరుగుతుందనే నమ్మినాను.

నెల్లూరు ఆసుపత్రిలో నడుముకు వైద్యమని ఒక పిల్ల నా తలకు, కంప్యూటరు బొమ్మల్ని నిజంలా కళ్లెదుట చూపించే వీఆర్ కళ్లజోడు తొడిగింది. తల మీద చేయి పడితే మనకేం అలవాటు? కళ్లు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నాను. "అయ్యగారూ, కళ్లు తెరిస్తేనే కదా కనపడేది!" అని నవ్వింది. తెరిచినాను. ఆ బొమ్మలో ఎదురుగా నా వీపే, నిటారుగా, బలంగా! నేను వంగితే వంగింది, లేస్తే లేచింది. నడుము వంగిపోయిన స్త్రీని ప్రభువు నిలబెట్టిన సంగతి ఊరూరా గర్జించి చెప్పినానే, నా నడుముకు మాత్రం చెప్పుకోలేదు!

కొన్ని వారాలు అట్లా చేయించినారు. నొప్పి కొంచెం ఉంది. భయం లేదు. నిన్న బియ్యం మూట లేపినాను.

ఆదివారం పొద్దున్నే బావను జువ్వలదిన్నె కాలువ గట్టుకు తీసుకురా. ముంచేదీ నేనే, లేపేదీ నేనే. సంఘపెద్ద గిద్యోను నీళ్లలోకి దిగి ఒక చెయ్యి వేస్తానంటున్నాడు. గట్టు మీద నిలబడి పాట పాడమన్నాను.

నీ అన్న