ఐదు కుట్ల కాగితం

బుధవారం, మధ్యాహ్నం

అమ్మకి నీ కూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నా ఒంటికేమీ లోటు లేదు. తింటున్నాను, తిరుగుతున్నాను. అక్కడ నువ్వూ అమ్మమ్మా కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. ఈ ఉత్తరం మాత్రం ప్రెస్సులో విప్పకు. నీ పక్కన కూర్చుని అచ్చు ఫారాలు మడిచేవాళ్ళంతా "ఏం రాసింది, ఏం రాసింది" అని మెడలు సాచుతారు. ఇంటికి వెళ్ళి, కాసేపు నడుము వాల్చి, నిదానంగా నువ్వే కూడబలుక్కుని చదువుకో.

నువ్వడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. దుప్పటి సరిపోతోంది. అమ్మమ్మ కొత్త కళ్ళజోడు పెట్టుకోకుండా పెట్టెలో దాస్తోందన్నావు, చూస్తే అరిగిపోతుందని భయం కాబోలు. కాగితాలకి బెజ్జాలు పొడిచే ఆర నీ వేలికి దిగిందని ఒక్క ముక్క రాసి వదిలేశావు. ఏ వేలు, ఎంత లోతు, కట్టు కట్టించుకున్నావా లేదా, ఏమీ లేదు. నువ్వు నా దగ్గర ఎన్నైనా దాచొచ్చు, నేను మాత్రం నీ దగ్గర ఏదీ దాచకూడదు. ఇదీ మన ఇంటి న్యాయం.

ఇక రెండు ప్రశ్నలు మిగిలాయి. నోట్‌బుక్కులు పంపొద్దని ఎందుకు రాశావు, కోపమా అన్నది ఒకటి. మీ చరిత్ర మేడం అంత మంచావిడ కదా, ఆవిడకీ ఒకటి కుడుతున్నాను, అట్టకి ఏ రంగు బాగుంటుంది అన్నది రెండోది. రెండింటికీ జవాబు ఒకటేనమ్మా. అది రాయడానికి కూర్చుని ఇప్పటికి నాలుగు ఉత్తరాలు చింపేశాను.

ఆవిడని నేనెంత నెత్తిన పెట్టుకున్నానో నీకు తెలుసు. మా మిగతా లెక్చరర్లు నోట్సు చెబుతారు, మేం రాసుకుంటాం. ఫుల్‌స్టాప్ ఎక్కడ పెట్టాలో కూడా వాళ్ళే చెబుతారు. ఈవిడ చేతిలో కాగితం లేకుండా వచ్చేది. యూరప్‌లో పునరుజ్జీవనం అంటే పాత పుస్తకాల దుమ్ము దులిపి మనుషులు మళ్ళీ సొంతంగా చదవడం మొదలుపెట్టిన కాలం అని చెబితే, నాకు ఆ దుమ్ము ముక్కులోకి వచ్చినట్టుండేది. అచ్చు యంత్రం గురించి చెప్పిన రోజున, మా అమ్మ ప్రెస్సులో బైండింగ్ చేస్తుందని నేను లేచి చెప్పాను. వెంటనే నా నోట్‌బుక్ అడిగి తీసుకుంది. మధ్యకి విప్పి, మడత మీద వేలు పెట్టి కుట్లు లెక్కపెట్టింది.

"అందరూ మూడే వేస్తారు కదా, మీ అమ్మ ఐదెందుకు వేస్తుంది?"

"మూడేస్తే మధ్య కాగితాలు జారిపోతాయంటుంది మేడం."

ఆవిడ దాన్ని క్లాసంతటికీ పైకెత్తి చూపించింది. "పుస్తకాలతో లోకం మారిందంటాం. ఆ పుస్తకాలు ఊడిపోకుండా పట్టి ఉంచినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా రాసి ఉండవు" అంది. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

తర్వాత మత సంస్కరణ ఉద్యమం పాఠం వచ్చింది. మార్టిన్ లూథర్ అనే సన్యాసి చర్చి పెద్దలని తప్పుపడుతూ తొంభై ఐదు అంశాలు రాశాడు. వాటిని చర్చి తలుపుకి కొట్టాడో లేదో చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారట. అచ్చయి ఊరూరా తిరిగిన మాట మాత్రం నిజమట. నాలుగేళ్ళ తర్వాత చక్రవర్తి ముందు నిలబెట్టి, రాసినవన్నీ వెనక్కి తీసుకో అన్నారు. ఆయన ఆలోచించుకోవడానికి గడువు అడిగాడు. ఒక్క రోజు ఇచ్చారు. మర్నాడు వచ్చి, తీసుకోనన్నాడు. ఈ ఒక్క రోజు సంగతి గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తుంది.

పాఠం అయ్యాక మేడం మా చేత ఒక పని చేయించింది. "మన కాలేజీ తలుపుకి మీరేం రాసి పెడతారు? రాసి ఈ గది తలుపుకి గుచ్చండి. పేర్లొద్దు. చదివి నేనే చింపేస్తాను. నా మీద నమ్మకముంచండి" అంది. మావాళ్ళు హాస్టల్ టీలో పాలు కూడా కలపాలనీ, చివరి బెంచీకి ఫ్యాను కావాలనీ రాశారు. నీ కూతురు ఊరుకుంటుందా?

మా లైబ్రరీలో పదకొండు అద్దాల బీరువాలున్నాయి. అన్నింటికీ తాళాలే. తాళాలు ప్రిన్సిపాల్ గారి నడుముకి వేలాడుతుంటాయి. అందుకే ఆయన్ని మేం తాళాలగుత్తి అంటాం. తనిఖీకి పైనుంచి ఎవరైనా వస్తేనే అవి తెరుచుకుంటాయి. నువ్వు వేళ్ళు పొడిపించుకుని కుట్టే పుస్తకాలు ఇలా అద్దాల వెనక బందీలుగా ఉండటానికా అని నాకు ఒళ్ళు మండేది. ఏడు అంశాలు రాశాను. పుస్తకాలు మేమే చదువుకుంటాం, ఎవరో నమిలిపెట్టిన నోట్సు మాకొద్దు అన్నది మొదటిది. తాళాలు తీయలేనివారు ఆ కుర్చీ దిగాలి అన్నది ఏడోది. చేతిరాత పట్టుబడకూడదని మొత్తం ఎడమచేత్తో రాశాను. చూస్తే కోడి కెలికినట్టుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కానీ రాసింది నువ్వు కుట్టిన నోట్‌బుక్ మధ్య కాగితం మీద. మడత దగ్గర ఐదు రంధ్రాలు అలాగే ఉన్నాయి.

ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ గారు అటుగా వచ్చి తలుపు మీదివన్నీ పీకి పట్టుకెళ్ళారు. మర్నాడు మా క్లాసువాళ్ళని వరసగా పిలిచి అడగడం మొదలుపెట్టారు. ముందు నన్నే పిలిచారు. ఆయన బల్ల మీద నా కాగితం పరిచి ఉంది. కిటికీ పక్కన మేడం నిలబడి ఉంది. హమ్మయ్య, ఆవిడుంది కదా అనుకున్నానమ్మా. ఇది చెప్పుకోవడానికే సిగ్గేస్తోంది.

"ఇది మీరు చేయించిందేనా?" అని ఆయన ఆవిడని అడిగారు.

"నేను పాఠం మాత్రమే చెప్పాను సార్. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే రాసుకున్నారు" అంది ఆవిడ. తర్వాత వంగి, మడత మీద వేలు పెట్టింది. ఆ రోజు క్లాసులో పెట్టినట్టే పెట్టింది. "ఐదు కుట్లున్నాయి సార్. ఈ అమ్మాయి వాళ్ళమ్మ కుడుతుంది ఇలా."

నీ పనిని మెచ్చుకున్న వేలితోనే నన్ను పట్టిచ్చింది. నన్ను తిట్టినా, కొట్టినా ఇంత నొచ్చుకునేదాన్ని కాదు. నీ కుట్లని చూపించడమే నేను మర్చిపోలేకపోతున్నాను. తర్వాత స్టాఫ్ రూము బయట ఆవిడని నిలబెట్టి, ఎందుకిలా చేశారని అడిగాను. "నా ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించేది. నాకూ ఇల్లుంది. పాఠం పరీక్ష కోసం చెబుతాం. నువ్వు దాన్ని నిజమనుకుంటే నేనేం చేయను?" అని సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఇంతవరకే రాసి ఆపేస్తే నువ్వు ఆవిడని నాలుగు తిట్టి, నన్ను ఓదారుస్తూ ఉత్తరం రాస్తావు. చింపేసిన నాలుగు ఉత్తరాలూ ఇక్కడే ఆగాయి. అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

నా గదిలో ఉండే అమ్మాయి, మేం పిచ్చుక అని పిలిచేది, నీకు తెలుసు కదా, ఎప్పుడూ కిచకిచలాడుతూ ఉంటుందని రాసేదాన్ని. నువ్వు పంపిన రెండింట్లో ఒక నోట్‌బుక్ దానికిచ్చాను. ఆ గదిలో ప్రిన్సిపాల్ గారు "ఇది నీదేనా, లేదా? నీదైతే హాస్టల్ ఖాళీ చెయ్యి" అన్నారు.

"ఇలాంటి నోట్‌బుక్ ఇంకొకరి దగ్గర కూడా ఉంది సార్" అన్నాను.

అబద్ధం కాదు చూడు. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. లూథర్ ఒక రోజు గడువు అడిగాడు. నేను ఒక్క నిమిషం కూడా అడగలేదు.

పిచ్చుకని పిలిపించారు. అది కాగితం చూసింది, ఆ ఎడమచేతి రాత చూసింది, నా వైపు చూసింది. నేను చెబుతానని ఎదురుచూసిందమ్మా. నేను బల్ల కాళ్ళకేసి చూస్తూ నిలబడ్డాను. అది కూడా నోరు విప్పలేదు. ఒప్పుకున్నట్టే లెక్క అన్నారు ఆయన. ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుని వాళ్ళ పిన్ని ఇంటికి వెళ్ళిపోయింది. అక్కణ్ణుంచి కాలేజీకి రెండు బస్సులు మారాలి. ఇలాగైతే చదువు మానిపించేస్తామని వాళ్ళ పిన్ని అంటోందట. సోమవారం క్లాసుకి వచ్చి, నా నోట్‌బుక్... కాదు, దాని నోట్‌బుక్ నా బెంచీ మీద పెట్టింది. "మీ అమ్మ కుట్టింది కదా, నువ్వే ఉంచుకో" అని వెనక బెంచీలో కూర్చుంది. ఒక్క పేజీ కూడా రాయలేదు దాన్లో. పాడైపోతుందని దాచుకుందట, మన అమ్మమ్మ కళ్ళజోడులాగా.

అందుకే నోట్‌బుక్కులు పంపొద్దన్నాను. వాటి మొహం చూడలేకపోయాను. మూడు వారాలు మేడంని తిట్టుకుంటూ గడిపాను. ఆవిడని తిట్టినంతసేపూ నా సంగతి గుర్తురాకుండా ఉంటుందని తిట్టాను. ఇప్పటికీ ఆవిడ మీద కోపం పోలేదు, పోదు కూడా. కానీ పిచ్చుకకి నేను చేసింది కూడా అదే కదా.

ఈ కాగితం మడత దగ్గర ఒకసారి చూడు. ఐదు రంధ్రాలుంటాయి. పిచ్చుక తిరిగిచ్చిన నోట్‌బుక్‌లోది ఇది. దీని తర్వాతి కాగితం మీద పొద్దున ఆ ఏడు అంశాలూ మళ్ళీ రాశాను. ఎనిమిదోది ఒకటి కలిపాను: "మొదటి కాగితం రాసింది నేను. నా గది స్నేహితురాలు రాయలేదు. నేను భయపడి ఊరుకున్నాను." కింద నా పేరు, గది నంబరు వేసి, పది గంటలకి ప్రిన్సిపాల్ గారి గది తలుపుకి గుచ్చాను. రెండు పిన్నులు కింద పడితే ఏరుకుని మళ్ళీ గుచ్చాను.

గుచ్చుతుంటే మేడం వరండాలో వస్తూ ఆగింది. మొత్తం చదివింది. "పేరెందుకు పెట్టావమ్మా?" అంది, గొంతు తగ్గించి.

"కుట్లు లెక్కపెట్టే శ్రమ మీకెందుకని" అన్నాను.

ఆవిడ కళ్ళు దించుకుంది. నాకు సంతోషం కలుగుతుందనుకున్నాను గానీ, కలగలేదు.

సాయంత్రం నాలుగింటికి రమ్మని కబురొచ్చింది. ఏమవుతుందో తెలియదు. ఈ ఉత్తరం వెనకాలే నేనూ పెట్టెతో దిగొచ్చు. దిగితే ముందు తలుపు తియ్యి, తిట్లు తర్వాత. మేడం కోసం మొదలుపెట్టిన నోట్‌బుక్ మాత్రం ఆపకు. అట్ట ఏ రంగైనా ఫరవాలేదు. పిచ్చుక వాళ్ళ పిన్ని ఇంటి చిరునామా వెనక రాశాను, అక్కడికి పంపు. అది పుచ్చుకుంటుందో లేదో నాకు తెలియదు. నువ్వు మాత్రం ఐదు కుట్లూ వెయ్యి.

ఇట్లు,
కుడిచేత్తో రాస్తున్న
నీ కూతురు