ఇరవై మూడు రివెట్లు

మార్చి 3, మంగళవారం

పని దొరికింది. వాయుసేనలో రిటైరైనవాళ్ల సంఘం హాల్లో గోడకి ఓ పెద్ద బొమ్మ కావాలట. యుద్ధంలో వాళ్ల ఫైటర్ ఒకటి శత్రువు విమానాన్ని తరుముతున్నట్టు. అచ్చం ఫోటోలా ఉండాలి. కంప్యూటర్లో వేసి, ఆరడుగుల ప్రింట్ తీయించాలి. నేను స్టూలెక్కి బల్బు మార్చలేను, కళ్లు తిరుగుతాయి. ఇరవై వేల అడుగుల ఎత్తున యుద్ధం మాత్రం కుర్చీలో కూర్చుని చేయించేస్తాను.

ఒకటే చిక్కు. అప్పట్లో ఆ ఫైటర్‌ని చూసుకున్న మెకానిక్ ఈ బొమ్మ చూసి, అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టాలట.

ఆ మెకానిక్ మా మామగారు.

మార్చి 4

మామగారు దిగారు. పెట్టెలో నాలుగు జతల బట్టలు, ఒక భూతద్దం.

మా పెళ్లయి పన్నెండేళ్లు. ఇన్నేళ్లలో ఆయన నా పని బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు. అల్లుడేం చేస్తారని ఎవరైనా అడిగితే ఇంట్లోనే ఉంటారని చెప్తారు. ఈ సంతకం సంఘం కంటే నాకే ఎక్కువ కావాలి. ఈ డైరీలో కాబట్టి ఒప్పుకుంటున్నాను.

మార్చి 6, ఉదయం 11

మొదటి డ్రాఫ్ట్ చూపించాను. ఆయన భూతద్దం మానిటర్‌కి ఆనించి అరగంట చూశారు. అన్నీ చదరాలే ఉన్నాయి, ఇది దేంతో చేసిన విమానమండీ అని అడిగారు. పిక్సెళ్ల గురించి చెప్పాను. ఓపిగ్గా విన్నారు. తర్వాత ఓ కాగితం చేతిలో పెట్టారు. తప్పులు, ఒకటి నుంచి పదిహేడు దాకా, నంబర్లేసి.

మా ఆవిడకి చూపిస్తే ఏమీ ఆశ్చర్యపోలేదు. చిన్నప్పుడు తన హోంవర్క్ కూడా ఇలాగే తిరిగొచ్చేదట.

మార్చి 7

నాలుగో నంబరు: చక్రాలు. నేను చూసి వేసిన ఫోటోలో విమానం నేలమీద ఉంది. అందుకని నా ఫైటర్ చక్రాలు దించుకునే యుద్ధం చేస్తోంది. సిగ్గుతో చచ్చాను.

మార్చి 11

రెండు రోజులు కష్టపడి రెక్కల మీద మట్టి, పొట్టకింద ఆయిల్ మరకలు వేశాను. రియలిజం! మామగారు చూసి లేచి వెళ్లిపోయారు. కాఫీ కూడా తాగలేదు. మా ఆవిడ వెళ్లి కూపీ లాగింది. రోజూ పొద్దున్నే ఆయన తన చేత్తో గుడ్డ పెట్టి తుడిచిన విమానమట అది. ఒక్క చుక్క కారేది కాదట.

మట్టి లేయర్ తీసేశాను. గన్ దగ్గర మసికి మాత్రం అనుమతి దొరికింది.

మార్చి 14

నాకూ ఓ పద్ధతి ఉంది. రోజుల తరబడి ఒకే బొమ్మ చూస్తే తప్పులు కంటికి ఆనవు. అందుకని మధ్యమధ్యలో బొమ్మని ఫ్లిప్ చేస్తాను. అద్దంలో చూసినట్టు ఎడమ కుడి అయిపోతుంది, దాక్కున్న తప్పులన్నీ బయటపడతాయి. సరిచేసి, మళ్లీ తిప్పేస్తాను. మామగారికి ఇది నచ్చలేదు. విమానాన్ని అలా తిప్పెయ్యడమేమిటని గొణిగారు. పదిహేనేళ్ల అలవాటండీ అన్నాను.

మార్చి 17

కాక్‌పిట్ కింద, ఎడమవైపు, ఓ అతుకుంది. తూటా దూరిన చోట మామగారే వేసింది. నేను రేకుని బిగించే రివెట్లు ఇరవై నాలుగు వేశాను, సమంగా ఉంటుందని. ఆయన ఇరవై మూడే అన్నారు. చివరిది బిగించేలోపే పిలుపొచ్చింది, పైలట్ ఎక్కి కూర్చున్నాడు. మెకానిక్ సంతకం లేకుండా విమానం కదలదు. ఈయన విమానం రిపేర్ల బుక్‌లో రాశారట: లోపం ఒకటి. ఎగరడానికి అడ్డం కాదు. తర్వాత సరిచెయ్యాలి. కింద సంతకం.

విమానం తిరిగొచ్చేదాకా ఆ ఇరవై నాలుగోది ఆయన జేబులోనే ఉందట. వచ్చాక బిగించబోతే పైలట్ వద్దన్నాడట, అలాగే ఉండనిమ్మని.

ఆ ఒక్క ఖాళీ చోటు వెయ్యడానికి మధ్యాహ్నమంతా పట్టింది.

మార్చి 20

తప్పులు నలభై దాటాయి. బుక్‌లో ఎప్పుడైనా అబద్ధం రాశారా అని అడిగాను. పన్నెండేళ్లలో ఆయన నావైపు అలా చూడలేదు.

మార్చి 24

అయిపోయింది! నలభై ఒకటో తప్పు దిద్దాను, ఆఖర్న తోకమీద నంబర్లు వేశాను, ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే ఫైల్ పంపేశాను. స్క్రీన్ మీద సంతకం ఎలా పెడతారు, గోడమీద చూసే పెడతానన్నారు మామగారు.

మార్చి 28, శనివారం, ఉదయం 9.10

కొంప మునిగింది.

9.25

ఫైల్ పంపేముందు బొమ్మని ఫ్లిప్ చేశాను. మళ్లీ తిప్పలేదు. అతుకు కుడివైపుకి పోయింది. నంబర్లు తిప్పాక వేసినవి కాబట్టి అవి శుభ్రంగా చదవొస్తున్నాయి. అందుకే నా కంటికీ ఆనలేదు, ప్రెస్ వాళ్ల కంటికీ ఆనలేదు. ప్రింట్ ఇప్పటికే హాల్లో గుడ్డ కప్పుకుని ఉంది. పదకొండింటికి ఫంక్షన్. గుడ్డ తీసేది ఆ పైలటే.

నాన్నకి ఇప్పుడే చెప్పెయ్యమంది మా ఆవిడ. వెళ్లాను. ఆయన బూట్లు పాలిష్ చేసుకుంటున్నారు. బూట్లు బాగా మెరుస్తున్నాయని చెప్పి వచ్చేశాను.

సాయంత్రం 5

గుడ్డ తీశారు. చప్పట్లు. మామగారికి భూతద్దం కూడా అక్కర్లేకపోయింది, రెండు సెకన్లలో పట్టేశారు. నావైపు చూడలేదు. తిట్టినా బాగుండేది.

పైలట్ కర్ర ఊతంతో దగ్గరికి వచ్చి అతుకు మీద వేలు పెట్టారు.

"ఇది ఎడమవైపు కదయ్యా ఉండేది?"

తప్పు నాదేనని చెప్పడానికి నోరు తెరిచాను. మామగారు ముందే అందుకున్నారు.

"అటొకటి, ఇటొకటి సార్. ఇటువైపుది బుక్‌లో ఎక్కించలేదు."

బుక్‌లో ఎక్కించలేదట! మామగారు! పైలట్ ఆయన్ని చూశారు. తర్వాత నన్ను చూశారు. నా మొహంలో సంగతంతా రాసే ఉండాలి.

"అదీ సంగతి. అందుకేనన్నమాట, ఆ రోజు నా బండి కుడికి లాగింది."

ఇద్దరు పెద్దమనుషులూ బొమ్మనే చూస్తూ నిలబడ్డారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

సంఘం అధ్యక్షుడు పెన్ను తెచ్చాడు. మామగారు పెన్ను వద్దని పెన్సిల్ అడిగారు. ఫ్రేమ్ దించి వెనక్కి తిప్పమన్నారు, సంతకం అక్కడే పెడతానన్నారు. సంతకానికి పట్టే టైం కంటే చాలాసేపే రాశారు. ఏం రాశారో నాకు చూపించలేదు. కార్లో మా ఆవిడ కిటికీవైపు తిరిగి నవ్వుతూనే ఉంది.

మార్చి 31

సరైన ప్రింట్ తీయించి మార్చడానికి వెళ్లాను. పాత ఫ్రేమ్ దించి వెనక్కి తిప్పాను.

లోపం ఒకటి, నం. 42. ఎగరడానికి అడ్డం కాదు. తర్వాత సరిచెయ్యాలి. కింద మామగారి సంతకం.

ఆ పాత ఫ్రేమ్‌నే మళ్లీ గోడకి తగిలించాను. స్టూలెక్కి.