మా ఇంటి రేడియో

నాంపల్లి, 1953 ఆగస్టు, శుక్రవారం

మా స్కూల్లో రేడియో రిపేరు నేర్చుకుంటున్న యాదయ్యకు పని చేతికి రావాలని ఆబిడ్స్‌లో రేడియో షాపు సేఠ్‌ను, వాడిని షాపులో కూర్చోనివ్వమని, ఎన్నాళ్లుగానో బతిమాలుతున్నాను. ఇవాళా అదే మాట: "గిరాకీల రేడియో ఖరాబు చేస్తె జిమ్మేదారీ ఎవరిది, మాస్టర్ సాబ్?"

రోషం వచ్చింది. ఇంటికొచ్చి, మా రేడియోనే రిక్షాలో తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. "ముందు యాదయ్యను దీన్ని విప్పి బిగించనివ్వండి. ఇది పాడితే మీ గిరాకీలు బాగుచేయమని తెచ్చినవి ఇవ్వండి."

సేఠ్ నవ్వి ఒప్పుకున్నాడు. నా వెంట వచ్చిన యాదయ్య వెనక మరలు విప్పడం మొదలుపెట్టాడు. నేను ఇంటికి బయల్దేరేసరికి అది ఇంకా పాడలేదు. పాడకపోతే, ఇక ఏ షాపువాడు మా స్కూలు పిల్లలను రానిస్తాడు...

నా భార్య కమలకు చెప్పకుండా తీసుకెళ్లాను. సాయంత్రమంతా ఇంట్లో పాట లేదు, గిన్నెల చప్పుడే. చివరికి అంది: "మంచిగ చేసి తెస్తె ఆ పిలగానికి అన్నం పెడ్త. చెయ్యకున్నా పెడ్త. మీకే, పెట్టాల్నా వద్దా అని జర ఆలోచించాలె."