చర్చి కిటికీ కింద నీ పరీక్ష

రెనీటా, పొయ్యి మీద ఆకుకూర, మొక్కజొన్న రొట్టె ఉన్నాయి, తిని బయల్దేరు. మూడింటికి నీ నర్సు పరీక్ష ఇంట్లో కూర్చుని రాయబోకు. మన నెట్ సంగతి తెలుసుగా, మీ పిన్ని పంపిన పసివాడి ఫోటో తెరుచుకునేలోపు వాడికి మీసాలొచ్చాయి. కారేసుకుని చర్చికి రా. పాస్టరు గారి కిటికీ కింద కుర్చీ వేసి చోటు పట్టి ఉంచా. అది పక్కకి జరిపి కారు పెట్టుకో. చర్చి వైఫై సిగ్నల్ అక్కడే బాగుంటది, కార్లోనే కూర్చుని రాయి.

పొద్దున నెట్ కంపెనీకి మళ్ళీ ఫోన్ చేశా. "మీ పేటలో మంచి లైను అడిగేవాళ్ళు లేరమ్మా" అన్నాడు ఆ అబ్బాయి. "ఏడేళ్ళుగా అడుగుతున్న నేనెవర్ని నాయనా, దెయ్యాన్నా?" అన్నా. రైలు పట్టాల అవతల తెల్లవాళ్ళ కుక్కల గూళ్ళకి కూడా లైనేశారు, అదీ మనకన్నా చవగ్గా. మన నల్లవాళ్ళ వీధి దాకా వచ్చేసరికి తీగ అయిపోయిందట, పాపం.

ఇవాళ అదే వేళకి చర్చిలో హాలోవే పెద్దాయన అంత్యక్రియలు. మూడొందల మంది ఒక్కసారే ఫోన్లు తీస్తే నీ పరీక్ష మధ్యలో ఆగిపోద్ది. భయపడకు. తెల్ల గ్లౌజులేసుకుని గుమ్మంలో నిలబడి జనాన్ని లోపలికి పంపేది నేనే. ఫోన్ ఆపనోళ్ళు ఎవరైనా సరే, లోపలికి రారు. పాట అయిపోతే అందరూ బయటికొచ్చి ఫోన్లు తీస్తారుగా, అందుకే నువ్వు కానిచ్చేదాకా పాట ఆపొద్దని పాడేవాళ్ళకి కూడా చెప్పా.

అమ్మమ్మ

పెద్దాయన ఏమీ అనుకోడులే. మన వీధికి లైనేయమని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పోగేసి, చచ్చేదాకా ఎదురుచూసిన మనిషి. నీ కోసం ఇంకో అరగంట ఆగలేడా.